వెనక డ్రమ్ బ్రేకులు ఇంటి దగ్గరే విప్పి చూసుకోవడం, షూలు మార్చుకోవడం ఎలా

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో అజిత్ సింగ్ నగర్ మునిగినప్పుడు మా చిన్న కారు నాలుగు రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక ఒక షెడ్డుకి లాగించి ఇచ్చాను. ఇంజన్ ఆయిల్ మార్చారు, సీట్లు విప్పి ఎండబెట్టారు, వైరింగ్ సరిచేశారు. బ్రేకుల సంగతి అడిగితే "చూశాం సార్, బాగానే పడుతున్నాయి" అన్నారు. పడుతున్న మాట నిజమే. రెండు నెలల తర్వాత కృష్ణ మీది వారధి దాటుతూ తాడేపల్లి వైపు వెళ్తుంటే వెనక ఎడమ చక్రం ఉన్నట్టుండి పట్టేసింది. టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయి బండి ఆగింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు చూసుకుని పక్కకి తిప్పాడు కాబట్టి బతికాం.

ఆ డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) విప్పితే లోపల ఎండి గట్టిపడిన బుడమేరు ఒండ్రు కనిపించింది. డ్రమ్ము లోపలి గోడకి నొక్కుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కే షూ. దాని ఇనుముకీ, మీద అతికించిన రాపిడి పొర లైనరుకీ మధ్య తుప్పు పెరిగి లైనరు మొత్తం ఊడిపోయింది. అదే డ్రమ్ములో ఇరుక్కుని చక్రాన్ని పట్టేసింది. షెడ్డులో ఆ డ్రమ్ము ఎవరూ విప్పనే లేదు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన మా బాబాయి ఆ ఊడిన లైనరు చేతిలో పట్టుకుని, "డ్రమ్ము విప్పకుండా వెనక బ్రేకు బాగుందని ఎవడన్నా చెబితే నమ్మకురా" అన్నాడు. అప్పటి నుంచి ఏడాదికోసారి నేనే విప్పుకుంటున్నాను. పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పినట్టే మీకూ చెబుతున్నాను.

ఇక్కడ చెప్పేది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండే మామూలు చిన్న కార్ల గురించి. మన వీధుల్లో ఆగి ఉండే కార్లలో ఎక్కువ భాగం అవే. ముందు డిస్కు చక్రం సందులోంచి కనిపిస్తుంది, ప్యాడు అరిగితే కీచుమంటుంది. డ్రమ్ములో అన్నీ మూత కిందే ఉంటాయి. పైగా బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు ముందుకి పడుతుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులే చేసేస్తాయి. అందుకే వెనకవి పూర్తిగా పాడైనా బండి ఆగుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది.

విప్పకముందు బండి ఏం చెబుతుందో వినండి

మొదట చూడాల్సింది హ్యాండ్‌బ్రేక్. చాలా కార్లలో అది వెనక డ్రమ్ముల్లోని షూలనే లాగుతుంది. లివర్ పైకి లాగుతూ టక్కులు లెక్కపెట్టండి. ఐదారు టక్కుల్లో గట్టిగా పట్టేయాలి. పది దాటి పైకి వస్తోందంటే లైనర్లు అరిగాయనో, లైనరు అరిగేకొద్దీ షూలని డ్రమ్ముకి దగ్గరగా జరిపే అడ్జస్టర్ పనిచేయడం లేదనో, కేబుల్ సాగిందనో అర్థం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. లివర్ దగ్గర కేబుల్ నట్టు బిగించేసి "సరిపోయింది" అనుకుంటారు. అరిగిన లైనరు అరిగినట్టే ఉంటుంది, దాన్ని బయటపెట్టే గుర్తు మాత్రం పోతుంది. కేబుల్ ముట్టుకోవడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

తర్వాత బ్రేకు పెడల్. మునుపటి కన్నా కిందికి వెళ్తోందా? రెండోసారి తొక్కితే పైకి వస్తోందా? వస్తుంటే వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందని అనుమానించాలి. తొక్కి పట్టుకుని ఉంటే మెల్లగా కిందికి జారిపోతోందంటే అది వేరే రోగం. ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పోయాయి. ఆ బండిని నడపకండి.

బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూడండి. లైనర్లు, ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంచెం దిగడం మామూలే. ఒకేసారి బాగా దిగిందంటే వెనక టైర్ల లోపలి వైపు వంగి చూడండి. టైరు గోడ మీదికి తడి చార దిగి ఉంటే డ్రమ్ము లోపల షూలని నెట్టే వీల్ సిలిండర్ కారుతున్నట్టే.

ఒక ఇరవై నిమిషాలు ఊళ్లో తిరిగొచ్చాక వెనక రెండు రిమ్ములకీ దగ్గరగా అరచెయ్యి పెట్టండి, తాకకుండా. ఒకవైపు సెగ బాగా ఎక్కువగా ఉంటే అటువైపు షూ వదలడం లేదు. మన ఎండాకాలంలో రెండు రిమ్ములూ వేడిగానే ఉంటాయి కాబట్టి, ఎంత వేడి అన్నదాన్ని వదిలేసి రెండిటి మధ్య తేడా ఎంతో చూడండి.

గుర్రుమని ఇనుము రాసుకునే చప్పుడు వస్తుంటే ఈ పరీక్షలన్నీ అక్కర్లేదు, నేరుగా విప్పండి.

ఏమేం కావాలి

జాకీ, వీల్ స్పానర్, రెండు జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మలు. నోస్ ప్లయరు, మామూలు ప్లయరు, బలమైన స్క్రూడ్రైవర్, రబ్బరు సుత్తి. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు. వైర్ బ్రష్, ఎమరీ పేపరు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకులకి వాడే వేడి తట్టుకునే గ్రీజు ఒక చిన్న ట్యూబు. ముక్కుకి మంచి మాస్కు, చేతికి గ్లౌజులు.

షూలు ఎప్పుడూ రెండు వైపులకీ కలిపే కొనాలి, అంటే నాలుగూ. ఒకవైపే మారిస్తే గట్టిగా తొక్కినప్పుడు బండి వెనక భాగం పక్కకి జరుగుతుంది. స్ప్రింగుల కిట్టు కూడా తీసుకోండి, షూల ధరతో పోలిస్తే అది లెక్కలోది కాదు. ఏళ్ల తరబడి వేడికి కాగిన స్ప్రింగు సత్తువ కోల్పోతుంది, షూని వెనక్కి లాగదు.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ పాత షూ పట్టుకెళ్లి చూపిస్తే ఏ బండిదో చెప్పి ఇస్తారు. డూప్లికేట్ల దగ్గర జాగ్రత్త. పెట్టె మీద పేరు బాగానే ఉంటుంది. షూ తీసి లైనరు అంచు వెంట గోరు పెట్టి చూడండి. ఇనుముకీ లైనరుకీ మధ్య సందు కనిపించినా, అంచులు పెళుసుగా రాలుతున్నా తీసుకోవద్దు. అతుకు ఎంత ముఖ్యమో వారధి మీద నాకు తెలిసింది.

బ్రేకు ఆయిల్ ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 అనో డాట్ 4 అనో. చిన్న సీసా, సీలు తీయనిది కొనండి. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. కోటప్పకొండ ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. కిందటేడు సగం వాడి అటక మీద పెట్టిన సీసా పారేయండి. కృష్ణ ఒడ్డున మన గాలిలో తేమ తక్కువేం కాదు.

బండి ఎత్తడం

చదునైన గట్టి నేల కావాలి. తారు రోడ్డు ఎండకి మెత్తబడుతుంది, మే నెల మధ్యాహ్నం దాని మీద జాకీ పెట్టొద్దు. తెల్లవారే మొదలుపెడితే నేలా చల్లగా ఉంటుంది, మీకూ హాయి.

ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి. మొదటి గేరులో ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించేయండి, లేకపోతే డ్రమ్ము రాదు. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు అరచుట్టు వదులు చేయండి. అప్పుడు జాకీ ఎత్తి, బండి పుస్తకంలో చూపించిన చోట స్టాండు పెట్టి, బరువు స్టాండు మీదికి దించండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి పని కానిచ్చేవాళ్లని మన వీధుల్లో రోజూ చూస్తుంటాం. బరువు ఒక మూల మీద పడితే సిమెంటు దిమ్మ ఒక్కసారిగా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి, అప్పు తెచ్చుకోండి. తీసిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచితే అదొక అదనపు రక్ష.

డ్రమ్ము బయటికి తీయడం

డ్రమ్ములు రెండు రకాలు. ఒకటి వీల్ బోల్టుల మీద ఊరికే కూర్చుని ఉంటుంది, నేరుగా లాగితే వస్తుంది. రెండోదానిలో బేరింగు లోపలే ఉంటుంది, మధ్యలో చిన్న టోపీ, దాని కింద పెద్ద నట్టు. మధ్యలో నట్టు ఉన్న రకమైతే ఆ నట్టుని తిరిగి వాడకూడదు, కొత్తది వేసి, బండికి చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచే స్పానరు) బిగించాలి. బిగువు తప్పితే బేరింగు పోతుంది. టార్క్ రెంచి లేనివాళ్లు ఈ రకాన్ని మేస్త్రీ చేత విప్పించి, పక్కన నిలబడి లోపల చూసుకోవడం మంచిది.

ఎక్కువమంది ఓపిక పోగొట్టుకునేది డ్రమ్ము రాకపోవడం దగ్గరే. రాకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, మధ్య రంధ్రం దగ్గర పట్టిన తుప్పు. తుప్పు వదిలించే స్ప్రే ఆ వలయం చుట్టూ కొట్టి పావుగంట ఆగండి. డ్రమ్ము ముఖం మీద మరలు ఉన్న చిన్న రంధ్రాలు రెండు కనిపిస్తాయి. వాటిలోకి 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి, అటు అరచుట్టు ఇటు అరచుట్టు చొప్పున బిగిస్తూ పోతే డ్రమ్ము టక్కుమని వదులుతుంది. ఒకటే బిగిస్తే డ్రమ్ము వంకరగా ఇరుక్కుంటుంది, ముఖం పగలొచ్చు కూడా.

రెండో కారణం కనిపించదు. షూలు రాసుకుని రాసుకుని డ్రమ్ము లోపల గాడి పడుతుంది, అంచు దగ్గర రాసుకోని చోట మెట్టులా మిగులుతుంది. షూలు ఆ మెట్టుకి తగులుకుని డ్రమ్ముని రానివ్వవు. డ్రమ్ము చేత్తో తిరుగుతూ కొంచెం బయటికి వచ్చి ఆగిపోతోందంటే ఇదే. అప్పుడు డ్రమ్ము వెనక షూలు బిగించి ఉండే ఇనుప పళ్లేనికి ఉన్న రబ్బరు బిరడా తీసి, ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ పళ్ల చక్రాన్ని తిప్పి షూలు లోపలికి పోయేలా చేయాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ని లివర్ దగ్గర పూర్తిగా వదులు చేస్తే ఇంకా సందు దొరుకుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ లాగండి. ఇనుప సుత్తితో అంచు మీద కొట్టకండి. డ్రమ్ము పోత ఇనుము, పగులు కంటికి కనిపించకుండానే పడుతుంది.

లోపల ఏం చూడాలి

డ్రమ్ము ఊడగానే నల్లటి పొడి కనిపిస్తుంది. చాలా షెడ్లలో కంప్రెసర్ గాలి కొట్టి ఆ పొడిని లేపుతారు, పక్కన కుర్రాళ్లు అదే పీలుస్తుంటారు. చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. పాత లైనర్లలో, చౌక రకాల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. గాలి కొట్టకండి, నోటితో ఊదకండి. సబ్బు నీళ్లు చిలకరించి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఏదీ విప్పకముందే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, పొడుగు వైపు ఎటు ఉంది, స్పష్టంగా కనపడాలి. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒకటి విప్పి బిగించేదాకా రెండోది మీకు నమూనాగా ఉంటుంది.

డ్రమ్ములోని వస్తువులు పైనుంచి కిందికి ఇలా ఉంటాయి. పైన చిన్న వీల్ సిలిండర్, దానికి రెండు పక్కలా రబ్బరు టోపీలు. మీరు పెడల్ తొక్కితే దానిలోంచి రెండు పిస్టన్లు బయటికి వచ్చి చెరో షూని డ్రమ్ము మీదికి నెడతాయి. సిలిండర్ కింద అడ్డంగా అడ్జస్టర్. రెండు షూలనీ దగ్గరికి లాగే స్ప్రింగులు పైనొకటి, కిందొకటి. ఒక్కో షూ మధ్యలో దాన్ని పళ్లేనికి అదిమి పట్టే చిన్న స్ప్రింగు, పిన్ను. వెనక వైపు షూకి హ్యాండ్‌బ్రేక్ లివర్, దాని కింది కొసకి కేబుల్.

లైనరు మందం అన్నిటికన్నా అరిగిన చోట కొలవండి. 1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే మార్చి తీరాలి. నేనైతే 2 మిల్లీమీటర్లకే మార్చేస్తాను, మళ్లీ ఏడాది దాకా విప్పను కదా. రివెట్లు కొట్టిన రకమైతే రివెట్టు తల పై నుంచి కొలవాలి, లైనరు అడుగు నుంచి కాదు. రివెట్టు తగిలితే డ్రమ్ముని చీరేస్తుంది.

అరుగుదల తీరు కూడా చదవండి. బండి ముందుకి పోయేటప్పుడు ముందు వైపు షూని డ్రమ్ము తిరుగుడు లోపలికి లాక్కుంటుంది కాబట్టి అది కొంచెం ఎక్కువ అరగడం సహజం. వెనక షూ చాలా ఎక్కువ అరిగి ఉంటే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టేసి వదలడం లేదేమో చూడండి. లైనరు ఒకవైపు వాలుగా అరిగితే పళ్లెం వంగి ఉండొచ్చు. కుడివైపు బాగుండి ఎడమవైపు మాత్రమే అయిపోతే అడ్జస్టరో సిలిండర్ పిస్టనో ఒకటి బిగుసుకుపోయింది. అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడింది. మందం ఉంటే ఎమరీతో రుద్ది గరుకు చేసుకోవచ్చు. పగుళ్లుంటే, అంచు లేచి ఉంటే ఆలోచించకండి, మార్చేయండి. వరద నీళ్లలో మునిగిన బండి అయితే మందం ఎంతున్నా సరే మార్చేయండి.

ఇప్పుడు సిలిండర్. రబ్బరు టోపీ అంచుని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తి చూడండి. లోపల లేత చెమ్మ ఉంటే ఫర్వాలేదు. చుక్క కారిందా, సిలిండర్ మార్చాలి. రబ్బర్లు మాత్రమే మార్చి సరిపెట్టడం ఒకప్పటి పద్ధతి. లోపల తుప్పు మచ్చ ఉంటే కొత్త రబ్బరు కూడా కొద్ది నెలల్లోనే కోసుకుపోతుంది. సిలిండర్ మొత్తం మార్చుకోండి.

వెనక చక్రాలతో నడిచే పాత వ్యాన్లు, జీపులాంటి బండ్లలో ఇంకో చోటి నుంచి కూడా ఆయిల్ రావచ్చు. యాక్సిల్ సీలు పోయి క్రౌన్ ఆయిల్ (వెనక యాక్సిల్ గేర్లలో పోసే ఆయిల్) డ్రమ్ములోకి దిగుతుంది. అది చిక్కగా, ఘాటు వాసనతో ఉంటుంది. బ్రేకు ఆయిల్ పలచన. ఏది కారుతోందో తేల్చుకోకుండా కొత్త షూలు వేస్తే వారంలో అవీ తడిసిపోతాయి. ఆయిల్ పీల్చిన లైనరుని పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ వేస్తామనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. పైపైన ఆరినట్టు ఉంటుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ చెమర్చుతుంది.

డ్రమ్ము సంగతి

లోపలి ముఖం మీద వేలు పోనివ్వండి. సన్నటి గీతలు పర్వాలేదు. గోరు ఇరుక్కునేంత గాడులు, నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే జాగ్రత్తపడాలి. పగులుంటే కొత్తది తప్పదు. మిగతావాటికి లేత్ మీద పలచగా కోయించవచ్చు. చాలా డ్రమ్ముల మీద గరిష్ట వ్యాసం అంకె పోతపోసి ఉంటుంది. అరిగిన తర్వాతైనా, కోయించిన తర్వాతైనా వ్యాసం ఆ అంకె దాటకూడదు. వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి. మూడు చోట్లా ఒకే కొలత రాకపోతే డ్రమ్ము గుండ్రం పోయింది, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకునేది అందుకే.

మా బాబాయి దగ్గరికి వచ్చే డ్రమ్ముల్లో హద్దు దాటినవీ ఉండేవి. "ఇంకొక్క పట్టు పట్టించండి" అని బతిమాలేవాళ్లు. ఆయన పట్టేవాడు కాదు. పలచబడిన డ్రమ్ము వేడిని దాచుకోలేదు, ఒత్తిడికి సాగుతుంది, ఒక రోజు చీలుతుంది. లేత్ పట్టిస్తే రెండు డ్రమ్ములూ ఒకే కొలతకి పట్టించండి. ఇంటికి తెచ్చాక సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఇనుప రజను మిగిలితే కొత్త లైనర్లలో దిగబడుతుంది.

షూలు విప్పి కొత్తవి వేయడం

ఇప్పటి నుంచి బ్రేకు పెడల్ ఎవరూ తొక్కకూడదు. డ్రమ్ము లేకుండా తొక్కితే పిస్టన్లు బయటికి ఊడి పడతాయి, ఆయిలంతా పోతుంది. సిలిండర్ చుట్టూ ప్లాస్టిక్ ట్యాగు ఒకటి బిగించి ఉంచండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, తాళం జేబులో పెట్టుకోండి.

షూ మధ్యలో ఉన్న చిన్న స్ప్రింగు టోపీని ప్లయరుతో నొక్కి, వెనక వైపు నుంచి పిన్నుని వేలితో పట్టుకుని పావుచుట్టు తిప్పండి, వదిలేస్తుంది. రెండు వైపులా తీశాక షూల కింది కొసల్ని అవి ఆని ఉండే ఇనుప దిమ్మ మీంచి ముందుకి లాగి తప్పించండి. కింది స్ప్రింగు వదులవుతుంది, తీసేయండి. తర్వాత రెండు షూల పై కొసల్ని సిలిండర్ మీంచి తప్పిస్తే, అడ్జస్టరుతో సహా జత మొత్తం చేతిలోకి వస్తుంది. బండి మీదే పై స్ప్రింగుతో కుస్తీ పట్టేకన్నా ఇలా జతగా తీయడమే తేలిక. చివర హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కొసని లివర్ కొక్కెం నుంచి విడదీయండి. స్ప్రింగు ఎగిరి కంటికి తగలొచ్చు, కళ్లజోడు పెట్టుకోండి.

నేల మీద గుడ్డ పరిచి పాత జత, కొత్త జత పక్కపక్కన పెట్టండి. రంధ్రాలు, వంపులు, లైనరు వెడల్పు సరిపోయాయా చూడండి. కొన్ని బండ్లలో ముందు వెనక షూల లైనరు పొడవు వేరుగా ఉంటుంది. పాతది ఎటు ఏది ఉందో అటు అదే వేయండి. హ్యాండ్‌బ్రేక్ లివర్‌ని పట్టే చిన్న క్లిప్పు తీసి కొత్త వెనక షూకి మార్చండి.

అడ్జస్టర్‌ని విప్పి, మరలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, వేడి తట్టుకునే గ్రీజు పలచగా రాసి, పూర్తిగా లోపలికి తిప్పేయండి. ఎడమ, కుడి అడ్జస్టర్లు ఒకటి కావు. అటుది ఇటు వేస్తే బిగుసుకోవాల్సింది వదులవుతుంది. ఒకవైపు పని అయ్యాకే రెండోది విప్పమన్నది ఇందుకు కూడా.

వెనక పళ్లెం మీద షూ అంచులు ఆనే చోట చిన్న మెట్టల్లాంటివి ఉంటాయి, చాలా బండ్లలో షూకి మూడు చొప్పున. అక్కడ తుప్పు గీకి, గ్రీజు చుక్కంత రాయండి. ఎక్కువ రాస్తే వేడికి కరిగి లైనరు మీదికి పాకుతుంది. మామూలు చాసిస్ గ్రీజు అసలు వాడొద్దు. ఆ మెట్టల్లో లోతుగా గుంట పడి ఉంటే షూ అందులో ఇరుక్కుంటుంది, పళ్లెం మార్చడమే దారి.

బిగించడం విప్పినదానికి తలకిందులుగా. కేబుల్ తగిలించి, పై స్ప్రింగు, అడ్జస్టరుతో జతని కట్టి, పై కొసల్ని సిలిండర్ పిస్టన్ల గాడిలో కూర్చోబెట్టండి. కింది స్ప్రింగు తగిలించి కింది కొసల్ని దిమ్మ వెనక్కి నెట్టండి. మధ్య పిన్నులు, టోపీలు. ఫొటోతో పోల్చండి. చేత్తో రెండు షూలనీ అటూ ఇటూ కదిపితే స్ప్రింగు వెనక్కి లాగాలి. లైనరు మీద వేలిముద్ర పడినా బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

సిలిండర్ మారిస్తే గాలి తీయాలి

సిలిండర్ వెనక ఉండే పైపు నట్టుకి అంచులు గుండ్రమైపోకుండా పైపు స్పానరు వాడండి. తుప్పు పట్టి నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే ఆపేయండి, తెగిందంటే బండిని అక్కణ్ణించి లాగించుకోవడమే. బ్రేకు ఆయిల్ బండి పెయింటు మీద పడితే పెయింటు ఊడుతుంది, వెంటనే నీళ్లు పోసి కడగండి.

పైపు విప్పినప్పుడు లోపలికి చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి. డ్రమ్ములు రెండూ ఎక్కించాకే మొదలుపెట్టండి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో ప్రారంభించాలి, మన కుడి స్టీరింగ్ బండ్లలో అది సాధారణంగా వెనక ఎడమది. సిలిండర్ వెనక గాలి వదలడానికి ఉండే చిన్న నిప్పిల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసని కొద్దిగా బ్రేకు ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. మా ఇంట్లో పెడల్ దగ్గర మా అబ్బాయి కూర్చుంటాడు. "తొక్కు నాన్నా, మూడుసార్లు... ఇప్పుడు పట్టుకో" అంటాను. వాడు "పట్టుకున్నా" అన్నాకే నిప్పిల్ వదులు చేస్తాను. బుడగలతో ఆయిల్ వస్తుంది. నిప్పిల్ బిగించాకే "వదులు" అంటాను. వాడు ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇదే. మధ్యమధ్య డబ్బాలో ఆయిల్ నింపుతూ ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే యూనిట్) ఉన్న బండ్లలో డబ్బా ఖాళీ అయి గాలి యూనిట్‌లోకి చేరితే స్కానర్ లేకుండా తీయడం కష్టం.

సందు సరిచేయడం

డ్రమ్ము ఎక్కించి చేత్తో తిప్పండి. ఊరికే గిరగిరా తిరిగితే షూలు దూరంగా ఉన్నాయి. డ్రమ్ము తీసి అడ్జస్టర్ రెండు మూడు పళ్లు బయటికి తిప్పి మళ్లీ చూడండి. చుట్టూ సన్నగా సుయ్యిమని రాసుకుంటూ, చేత్తో తేలిగ్గా తిరిగేలా ఉండాలి. రెండు వైపులా ఒకే తీరు ఉండాలి. తర్వాత పెడల్ ఒక పది పదిహేనుసార్లు తొక్కి, హ్యాండ్‌బ్రేక్ అన్నిసార్లు లాగి దించండి, అడ్జస్టర్ దానంతట అది మిగతా సందు సర్దుకుంటుంది. వదులు చేసిన కేబుల్‌ని ఇప్పుడు సరిచేసి, ఐదారు టక్కుల్లో పట్టేలా, దించినప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరిగేలా చూడండి.

చక్రం ఎక్కించి నట్లు ఎదురెదురుగా బిగించండి. బండి దించాక పూర్తి బిగువు. చిన్న కార్లకి ఎక్కువగా 85 నుంచి 100 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు, మీ బండి పుస్తకంలో ఉన్నదే ఖాయం.

రోడ్డు మీదికి వెళ్లేముందు, వెళ్లాక

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పెడల్ గట్టిగా ఉండాలి. స్టార్ట్ చేసి, గేటు లోపలే పది అడుగులు నడిపి ఆపండి. తర్వాత ఖాళీ వీధిలో. బెంజి సర్కిల్ రద్దీలోకి ఆ రోజే వెళ్లొద్దు. కొత్త లైనరు డ్రమ్ము వంపుకి పూర్తిగా ఆనదు, సర్దుకోవడానికి సమయం కావాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న రోడ్డు మీద గంటకి 40, 50 వేగం నుంచి మెల్లగా ఒక ఇరవైసార్లు ఆపండి, ప్రతిసారీ మధ్యలో కాస్త దూరం నడిపి చల్లారనివ్వండి. వేడి మీద హ్యాండ్‌బ్రేక్ వేసి నిలపకండి. మొదటి రెండు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కే అవసరం రాకుండా దూరం పాటించండి.

వారం తర్వాత మళ్లీ నట్ల బిగువు, హ్యాండ్‌బ్రేక్ టక్కులు, ఆయిల్ మట్టం, టైరు లోపలి గోడ చూడండి.

వర్షాకాలంలో బండిని రోజుల తరబడి ఆపాల్సి వస్తే, చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి ఉంచండి. తడిసిన డ్రమ్ముకి షూ ఆని ఉంటే తుప్పుతో అతుక్కుపోతుంది. నీళ్లలోంచి నడిపి ఇంటికొచ్చిన రోజు, ఆపేముందు వీధిలో రెండుసార్లు మెల్లగా బ్రేకు పట్టి డ్రమ్ములు ఆరనివ్వండి. నీళ్లు చక్రం సగం దాటి వచ్చాయంటే మాత్రం ఆ ఆదివారమే విప్పండి.